డొక్కలో పోటు

తిరుపతిలో యూనివర్సిటీ మైదానం. తెల్లవారుతోంది. చంద్రగిరి పక్క ఊరి నుంచి బైకు మీద వచ్చిన అన్న ప్రతాప్, అతని దగ్గర పరుగు నేర్చుకుంటున్న చెల్లెలు ధరణి.

“ఆగొద్దు, ఆగొద్దు ధరణీ! ఆ వేపసెట్టు దాకా పోయి ఆగు.”

“నా వల్ల కాదన్నా. డొక్కలో పోటు... అబ్బా...”

“పోటొస్తే నోటితో గాలొదులు. నిదానంగా. బిరబిరా పోవద్దని సెప్పినా కదా. మాట్లాడతా పరిగెత్తేంత జోరే సాలు నీకు.”

“మాట్లాడేదానికి ఊపిరుంటే కదా!”

“ఇప్పుడు మాట్లాడ్తా ఉండావే. మొదట్లో ఎట్టుంటివి? ఒక కరెంటు స్తంభం కాడినుంచి ఇంకో స్తంభం దాకా పోయి కూలబడతా ఉంటివి.”

“వాంతి కూడా చేసుకుంటి. వాకింగుకొచ్చినోళ్లు నవ్వినారు. ఇంత లావు మనిషి చుడీదార్ ఏసుకోని పరిగెత్తేదేందని.”

“ఇప్పుడెవురన్నా నవ్వతా ఉండారా?”

“లేదులే... ఆగుతానన్నా. నిజంగా ఆగుతా.”

“సరే, ఆగు. కూసోవద్దు, నడస్తా ఉండు, పిక్కలు పట్టేస్తాయి. బాగా తగ్గినావు మే. మొకం తేటపడింది. శనివారం పోయి తూకం, బీపీ సూపిచ్చుకోనొద్దాం.”

“మళ్లానా? మొన్ననే కదా రక్తం కూడా ఇచ్చింది.”

“పరిగెత్తేవాళ్లు సూపిచ్చుకుంటా ఉండాల. గుండెకు మంచిది.”

“గుండెకేనా?”

“గుండెకు, అన్నిటికీ. ఏమట్ట అడగతా ఉండావు?”

“ఊరికే. అన్నా, నాయన ఎట్టుండాడు?”

“నాయనా? ఉండాడు. బాగుండాడు.”

“బాగుండాడా?”

“ముసలోళ్లకు ఉండేవి ఉంటాయి. మోకాళ్లు, అయీ ఇయీ. పా, ఇంకో సగం రౌండు...”

“నా మాట ఎత్తుతాడా?”

“నీకు తెలుసు కదా. నువ్వు జయరావును సర్చిలో పెండ్లాడిన కాన్నించి మనింట్లో నీ పేరు లేదు. నేను కదా అదంతా కాదనుకోని నీకాడికొచ్చింది.”

“అవును. నువ్వొచ్చినావు. గేటు తీసి ‘ధరణీ’ అన్నావు. ఆ పొద్దంతా ఏడ్చినా నేను. జయరావుకు సూపించినా, ఇదో, నాకు బీపీ ఉండాదని తెలిసి మా అన్న బూట్లు తెచ్చినాడు సూడు అని. పెండ్లైనాక పుట్టింటి నుంచి నాకొచ్చింది అదొక్కటే.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? పా, సెమట ఆరిపోతాది.”

“మొన్న ఆసుపత్రి నర్సు ఇంటికి ఫోన్ చేసింది.”

“ఏ నర్సు?”

“తూకం ఇంకా రవ్వంత తగ్గాల కదమ్మా, మీ నాయనకు కిడ్నీ ఇచ్చేది నువ్వే కదా, అనింది. నడువన్నా. నువ్వే ఆగిపోతివే.”

“నేనే సెబుదామని... ఈ ఆదివారం మీ ఇంటికొచ్చి, జయరావు ముందర కూసోని, అంతా...”

“రక్తం తీపిచ్చింది దానికేనా?”

“రెండూ ఒకటే కదమ్మా. నీకూ మంచిదే కదా పరిగెత్తితే.”

“బూట్లు?”

“అట్ట అడగొద్దు.”

“ఉప్పు తగ్గిచ్చు, ఊరగాయ ముట్టొద్దు అంటివే, అది? ఆ పొద్దు కుక్కలెంటపడితే నాకడ్డం నిలబడితివే, అప్పుడు కాపాడింది నన్నా, కిడ్నీనా? ఏది నాకు, ఏది దానికి? సెప్పన్నా, నాకు తెలీక అడగతా ఉండా.”

“నాయన సచ్చిపోతాడు మే. వారం వారం డయాలసిస్‌కు తిప్పలేక సస్తా ఉండా. నన్నేం చేయమంటావు?”

“నువ్వియ్యొచ్చు కదా.”

“నాది సరిపోలేదు.”

“అట్టనా.”

“సరిపోలేదమ్మా. దేవుడి సాచ్చిగా...”

“దేవుణ్ణి తీసకరావద్దు. నిన్న నేనే ఆసుపత్రికి పోయినా. మీ అన్నది ముందే సరిపోయిందమ్మా, ఆయన వెనక్కి పోయినాడు, మా చెల్లెలు ఇష్టపడి ఇస్తాదన్నాడు, అని ఆ నర్సే సెప్పింది.”

“...మీ వదిన కాళ్లు పట్టుకునింది, ధరణీ. ఇద్దరు ఆడపిల్లలు నాకు. సేద్యమంతా నా మీదే. నాకేమన్నా అయితే వాళ్లనెవురు సూస్తారు?”

“నాకేమన్నా అయితే?”

“నీకు పిల్లల్లేరు కదా... ధరణీ. అట్ట కాదు. నోరు జారినా. మే, మాట్లాడు. తిట్టు నన్ను.”

“ఇప్పుడొచ్చిందా ఆ మాట? ముందే అనుకున్నారా? అనుకున్నారు. మొగుడూ పెండ్లాం కూసోని అనుకున్నారు. ఆమెకు పిల్లల్లేరు కదా అని. ఆ తరవాతే నువ్వు బూట్లు కొనేదానికి పోయినావు.”

“అడిగుంటే ఇచ్చుందువా నువ్వు?”

“తెలీదు. నన్నెవురూ అడగలేదు కదా, నాకెట్ట తెలస్తాది?”

“ఇప్పుడు అడగతా ఉండా. నీ సెయ్యి పట్టుకోని అడగతా ఉండా.”

“ఒదులు. ఇయ్యను. ఇయ్యనని నిన్ననే ఆసుపత్రిలో సెప్పేసి వచ్చినా.”

“మరి నాయన గతేంది? ఆయన మొకం సూసుంటే నువ్విట్ట మాట్లాడవు.”

“సూసినా. ఆడ్నే, నువ్వు దించిపోయినాక, సేతికి సూదులేసుకోని పడుకోనుండాడు. నన్ను గుర్తుపట్టినాడు. రమ్మని రెండో సెయ్యి సాపినాడు. ఏందమ్మా ఇంత సన్నబడినావు, వాళ్లు తిండి పెట్టడంలేదా, అన్నాడు.”

“నాయన... నీతో మాట్లాడినాడా?”

“మాట్లాడినాడు. మాయింటికొచ్చి పడుకున్నాడు కూడా.”

“రాత్రి గురప్పమామ ఇంట్లో ఉంటానని ఫోన్ చేసినాడే!”

“నేనే అట్ట సెప్పమన్నా. జయరావు జావ కాసి ఇస్తే ఒక్క మాట అనకుండా తాగినాడు.”

“నా సంగతి ఎత్తినావా? నాది సరిపోయిందని సెప్పినావా?”

“సెప్పినా.”

“సచ్చినా. సరిపోలేదని కదా నేనాయనకు సెప్పుండేది! ఇంక ఆయన ముందర ఎట్ట నిలబడేది నేను?”

“‘ముందర సూసింది తప్పంట నాయనా, మళ్లా సూస్తే సరిపోయిందంట’ అని సెప్పినా. నువ్వు వెనక్కి పోయినావని మాత్రం సెప్పలేదు.”

“మరి... మరేమని సెప్పినావు?”

“నేనింకో రౌండు పరిగెత్తొస్తా. నువ్వు గేటు కాడికి పో. ఆ ఆటోలో కూసోనుండేది నాయనే. ‘నా కొడుకును సూడాల’ అంటా తెల్లారకముందే లేసి సొక్కా ఏసుకున్నాడు. ‘అన్నే ఇస్తానన్నాడు నాయనా’ అని సెప్పినా.”