భీమారావు సాంబారుకి ముహూర్తం

హలో… ఆ, నేనే. భీమారావుని, రాయపూర్ నుంచి. ఇనపడతందా రామ్మూర్తి బావా?… స్టేషన్ బాబుగారు దయతలిచి ఫోనిచ్చారు. మీ మహాసముంద్ స్టేషనుకి లైను కలిపి, బేగి కానీమన్నారు.

లేదు లేదు, నీ చెల్లి పైడమ్మకేం, బాగానే ఉంది. పొద్దున్నే తెలీబంధా చెరువుకెళ్లింది, గుడ్డలుతకడానికి… ఆ, ఇడ్లీపాత్ర కూడా పట్టుకెళ్లింది. మసి పట్టిందట, తోమాలట.

అది కాదు బావా. నీ దగ్గర పంచాంగం ఉంది కదా, కాస్త తియ్యి. నా హోటలుకి ముహూర్తం కావాలి… నవ్వకు!

అవునవును, స్వరాజ్యమొచ్చిన ఏడు అనుకున్న హోటలే. ఏడేళ్లయింది, నాకూ తెలుసు… అప్పుడు నౌకరీ ఉంది బావా! రన్నింగ్ రూములో గార్డులకి వండి పెట్టడంతోనే తెల్లారిపోయేది… రిటైరయ్యాక ఈ ఆర్నెల్లూ ఏం చేశానా? ముహూర్తం చూశాను!

నీకేటి తెలుసు నా కష్టం. తినడానికి మనోళ్లొస్తారు, ఈ ఊరోళ్లూ వస్తారు. అందరికీ అచ్చిరావాలంటే రెండు పంచాంగాలూ చూడాలా వద్దా?… చూడు మరి. మనకి శ్రావణం మంచిదే. వీళ్లకి చౌమాసా. నాలుగు నెల్లు దేవుడే పడుకుంటాడట, నేను దుకాణం తియ్యనా?… లేచాడులే. లేచాక నాలుగు రోజులు దొరికాయి గానీ, నాకు జలుబు చేసింది. ఈలోగా వీళ్ల ఖర్మాస్ వచ్చిపడింది, మంచిపనులకి పనికిరాని నెల. అది పోయినా మన పుష్యం, అదీ అంతే. ఇదిగో, ఇవాళ్టి అమావాస్యతో ఆఖరు.

రేపటినుంచి మాఘమా?… రేపే బాగుందా?… రేపంటే ఎలా బావా! బోర్డు రాయించొద్దూ? ఫాల్గుణంలో చూడు… అరే, హోలీకి ముందు ఎనిమిది రోజులు వీళ్లకి పనికిరాదు, అది దాటించి చూడు.

తొందరేటంటే… తెలీబంధాలో హోటలుకని అద్దెకి తీసుకున్న గదిగలాయన చెప్పేశాడు బావా. ఇవాళ సాయంత్రంలోగా పొయ్యి వెలగాలి, లేదంటే రేపు సైకిలు షాపోడు దిగిపోతాడు. పక్కాగా ఒక తారీకు చెప్పి బతిమాలుకుందామని—

ఎవరది మధ్యలో?… గార్డు పరదేశి గారా! ఆరంగ్ స్టేషన్లో ఉన్నారా? ఈ లైనుతో ఇదే తంటా, దారిపొడుగునా అందరికీ ఇనపడద్ది…

ఏటి తిన్నారూ?… ఎక్కడ?… మా గదిలోనా! దాని తాళంచెవి మా ఇంట్లో మేకుకి—

పైడమ్మా?!

పొయ్యి వెలిగించేసిందా? అమావాస్య నాడు? మంగళవారం?… బావా, ఇన్నావా నీ చెల్లి చేసిన పని!… నువ్వే చెప్పావా? పంచాంగం చూసే చెప్పావా, చూడకుండానా?… ఆ. నోరు ముయ్యమన్నావా.

పరదేశి గారూ, ఉన్నారా? ఎంతమందొచ్చారు?… మూడు వాయిల ఇడ్లీలూ అయిపోయాయా!… మరి సాంబారు?… ఉత్త చట్నీయేనా?… అందరూ అడిగారా?… ఏమందీ?

‘సాంబారు ఆయనొచ్చి పెడతారు’ అందా…

రెండో పొయ్యి అలికి, ముగ్గేసి, ఖాళీగా ఉంచిందా…

ఒక్కటే బావా. ఇంగువ ఇంట్లో ఉండిపోయింది, అదీ. నా ట్రంకుపెట్టెలో. హోటలు కోసమని ఏడేళ్ల కిందట కొన్నది. ఘాటు ఉందో పోయిందో.

టైమెంతయింది?… మూడు. మంగళవారం కదా, మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం… నేనేమీ అనలేదు! టైము చెప్పాను, అంతే.

పెట్టేస్తున్నా. సైకిలు మీద ఇంటికెళ్లి, ఇంగువ తీసుకుని తిన్నగా అక్కడికే. పరదేశి గారూ, మీ బండి కదిలాక ముందు స్టేషన్లలో మనోళ్లకి ఈ కబురు చెప్పండి. ఇన్నవాళ్లని ఇంకో నలుగురికి చెప్పమనండి. లైన్లో ఇంకెవరైనా చెవిపెట్టుంటే మీరు కూడా చెప్పండి బాబూ. రాయపూర్‌లో దిగితే తెలీబంధా రండి, భీమారావు సాంబారు తయారు, నాలుగున్నరకి…

కాదు.

నాలుగింటికే.