చదివింపుల గది

అధ్యక్షత వహించిన ఆచార్య పూర్ణచంద్ర గారికి, ముందు వరుసలో కూర్చున్న మా వెంకటాచలం మాస్టారికి, వండూర్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మా వాడ అక్కలకు, అన్నలకు, మాయాబందర్ ఓడ దిగి ఒక రోజు గడిచినా కాళ్ళ కింద నేల ఇంకా ఊగుతోందంటున్న మిత్రులకు, అందరికంటే ముందు చెప్పవలసింది ఆఖరున చెబుతున్నందుకు మన్నించమంటూ, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన గ్రంథపాలకురాలు హేమమాలిని మేడమ్ గారికి నమస్కారం.

నా పేరు చిట్టిబాబు. వండూర్ జెట్టీలో టికెట్లిచ్చే గుమాస్తాను. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. తక్కినదంతా సెలవు రోజుల్లో ఈ గ్రంథాలయంలో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నది. నాకు ప్రసంగాలు రావు, జాబితాలు వచ్చు. అందుకని పదకొండు అంశాలు రాసుకుని తెచ్చాను. మేడమ్ గారు గుమ్మంలోనే ఆ కాగితం చూసి, "నాలుగు చాలు చిట్టిబాబూ" అన్నారు. ఏ నాలుగో చెప్పలేదు. (నవ్వులు)

ముందుగా మనందరి మనసులో ఉన్న సంగతి. ఈ సాయంత్రం ఐదు గంటలకు మేడమ్ గారు తాళం అప్పగించాక మేడమీది దీవుల చరిత్ర గది ఏమవుతుంది? ఆరు నెలల కిందట పైవారు మర్యాదగానే చెప్పారు. ఆ గదికి మంజూరైన ఉద్యోగం లేదు, ఇన్నాళ్ళూ మేడమ్ గారు తన పనికి అదనంగా చూసుకున్నారు, ఇకమీదట ఆ కాగితాలు చదవగల మనిషికి జీతం ముట్టేలా దీవుల జనమే ఒక శాశ్వత నిధి సమకూరిస్తే గది ఉంటుంది, లేకపోతే పెట్టెలన్నీ కట్టి మెయిన్‌లాండ్‌కు పంపించేస్తారు. గడువు ఇవాళ్టితో సరి. జవాబు నా జేబులో ఉంది. అది తీసే ముందు ఆ గది ఎలా నిండిందో చెప్పాలి, ఎందుకంటే మొదట్లో జరిగిన తప్పు నాది.

సునామీ వచ్చిన రెండో ఏడు. హట్‌బే ఒడ్డున ఇళ్ళు పోగొట్టుకుని వచ్చిన మా నలభై కుటుంబాలు అప్పటికి వండూర్ దగ్గర రేకుల ఇళ్ళలో ఉన్నాయి. మేడమ్ గారు అక్కడికి వచ్చి, సముద్రం వదిలిపెట్టిన కాగితాలేమైనా ఉంటే, రేషన్ కార్డులైనా పడవ లైసెన్సులైనా పెళ్ళి ఫొటోలైనా సరే, గ్రంథాలయానికి ఇవ్వమని తెలుగులో ఒక ప్రకటన రాసిపెట్టమన్నారు. నేను మూడు రోజులు నిఘంటువు తిరగేసి రాశాను: "చరిత్ర పరిరక్షణార్థము మీ కుటుంబ పత్రములను దానము చేయుడు." అందంగా ఉంటుందని ఎర్ర సిరాతో రాశాను. (నవ్వులు)

వారం రోజులు ఒక్క మనిషీ రాలేదు. ఎనిమిదో రోజు మా పొరుగింటి సీతాలక్క, అదిగో ఆ కిటికీ పక్కన కూర్చుంది, ఆ కాగితం కింద నిలబడి నా చేతే చదివించుకుంది.

"ఇదెవులి దినమురా సిట్టిబాబూ?"

"దినం కాదక్కా, లైబ్రరీ."

"మరి దానమంతన్నావు. దానాలు ఎప్పుడిత్తారు? మనిసి పోయినాక కాదేటి? మా సెల్లి మంజు పోయిందని నీకెవులు సెప్పినారు? దాని ఇస్కూలు సర్టిఫికేటు దానమిచ్చీసి సేతులు కడిగీసుకోమంతావా?"

మంజు సునామీ వచ్చిన ఆ ఆదివారం హట్‌బే బజారుకు వెళ్ళిన మనిషి, ఆచూకీ తెలియలేదు. మా రేకుల కింద ప్రతి ఇంట్లోనూ అలాంటి పేరు ఒకటి ఉంది. నేను ఎర్ర సిరాతో వాళ్ళందరికీ కర్మ చేయమని రాసిపెట్టాను.

మేడమ్ గారు పక్కనే ఉన్నారు. ఆవిడ నన్ను కోప్పడలేదు. సీతాలక్కనే అడిగారు, "మరి ఏమని అడిగితే ఇస్తావమ్మా?"

"ఇవ్వడమేటి దీదీ. పెళ్ళిలో అయితే సదివిత్తాం. పేరెట్టి, పదిమందీ ఇనేటట్టు."

పెళ్ళి పందిట్లో ఎవరేమి తెచ్చారో పేరు పెట్టి పైకి చదవడం మనకందరికీ తెలిసినదే. ఇవ్వడాన్ని చదివించడమని పిలిచే భాష ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. నా నిఘంటువులో ఆ మాట ఉంది, దాన్ని దాటి దానము దగ్గరికి వెళ్ళాను. గ్రంథాలయానికి అంతకంటే సరైన మాట దొరకదని చదువు రాని సీతాలక్క చెప్పింది.

తరువాతి ఆదివారం మేడమ్ గారు రేకుల నీడలో స్టూలు వేసుకుని కూర్చుని, గొంతెత్తి చదివారు: "సీతాలు గారి చదివింపు. చెల్లెలు మంజు స్కూలు సర్టిఫికెట్, ఒకటి." సీతాలక్క ఒకే ఒక్క షరతు పెట్టింది, "లేటు అని రాయకండి దీదీ." ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ గదిలో ఏ కార్డు మీదా, ఏ పేరు ముందూ 'లేట్' అన్న మాట లేదు. పద్ధతి ప్రకారం అది తప్పని తనిఖీకి వచ్చినవారు అంటే, "తప్పయితే నా పేరున రాసుకోండి" అన్నారు మేడమ్ గారు. (చప్పట్లు)

ఆ తరువాత చదివింపులు ఆగలేదు. నూకయ్య మావ ఉప్పునీటికి అట్టకట్టిన పడవ లైసెన్సు తెచ్చాడు. వెంకటాచలం మాస్టారు హట్‌బే బడి హాజరు పట్టీ తెచ్చారు. మాస్టారూ, అందులో నేను వరసగా పద్నాలుగు రోజులు రాలేదని ఉంది. దాన్ని అంత గట్టిగా చదివించి ఉండవలసింది కాదు. (నవ్వులు) మా పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే మాత్రం "భయ్యా, హిందీలో రాసివ్వు" అంటారు. చదివేవాళ్ళు లేకపోతే అది చదివింపు ఎలా అవుతుంది? అందుకే ఆ గదిలో మనిషి కావాలి.

ఇప్పుడు జేబులోని జవాబు. మేడమ్ గారు శాలువాలు వద్దన్నారు, ఈ ఉక్కలో అవి ఎవరికీ ఉపకారం కాదు. ఆవిడ పేరు మీద నిధికి చదివించమని నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరిగాం. మూడు వందల పన్నెండు పేర్లు వచ్చాయి. ఎవరు ఎంత అన్నది పైకి చదవలేదు, ఆవిడ చదవనివ్వలేదు; పేర్లు మాత్రమే. నిన్న మధ్యాహ్నం ఆ నిధి కాగితం పైవారికి చేరింది. పైవారి తరఫున వచ్చిన పూర్ణచంద్ర గారు ఇందాక నా వంక చూసి తల ఊపారు. ఆ తల ఊపడాన్ని నేను సభ సాక్షిగా రాసుకుంటున్నాను. గది ఉంటుంది. (చప్పట్లు)

కొత్తగా వచ్చేవారికి పరీక్ష పెడతారట. ఒక ప్రశ్న సీతాలక్క చేత అడిగించమని మనవి. (నవ్వులు)

జాబితాలో ఇంకొకటి మిగిలింది.

సునామీ తరువాత ఇక్కడ బడిలో పెట్టిన శిబిరంలో నేను ఒక నోటుబుక్కులో మా వాడవాళ్ళ పేర్లన్నీ రాశాను. పేరు ఎదుట రెండు గడులు: ఏ ఓడలో వచ్చారు, ఇప్పుడెక్కడ ఉన్నారు. నెమ్మదిగా అందరివీ ఏదో ఒక మాటతో నిండాయి. మా నాన్న అప్పలరాముడు పేరు ఎదుట రెండూ ఖాళీ. పదమూడేళ్ళలో ఎన్నోసార్లు కలం తెరిచాను, మూత పెట్టాను. నిండని జాబితా ఎవరి చేతికీ ఇవ్వకూడదని నా నియమం. ఆ పుస్తకం నా దగ్గరుందని మేడమ్ గారికి తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు. పోయిన నెలలో ఎవరిదో చిరిగిన రేషన్ కార్డుకు వివరాలు రాసుకుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఖాళీ ఉన్నచోట నేను గీత కొట్టను చిట్టిబాబూ, ఖాళీ అనే రాస్తాను" అన్నారు.

తెచ్చాను. ఏమీ నింపలేదు.

మేడమ్, మీరు లేవకండి, నేనే వస్తాను. ఐదు కావడానికి ఇంకా నలభై నిమిషాలుంది, అంతవరకు ఉద్యోగం మీదే. ఈ మైకు పట్టుకుని ఒక్కటి చదివి పెట్టండి.

(హేమమాలిని గారు కళ్ళజోడు పెట్టుకుని: "అప్పలరాముడు గారి కొడుకు చిట్టిబాబు గారి చదివింపు. శిబిరం నోటుబుక్కు, ఒకటి.")

విన్నారు కదా. సీతాలక్కా, 'లేటు' అనలేదు.

నా తప్పును దిద్దినవారికి, పేరిచ్చినవారికి, ఈ పొద్దు ఓపికగా విన్నవారికి కృతజ్ఞతలు. మేడమ్ గారికి మాత్రం ఇవాళ చెప్పను. రేపు పదింటికి ఆ మూల బల్ల దగ్గర పాఠకురాలిగా కూర్చుంటానన్నారు, అప్పుడు చెబుతాను. కాబట్టి ఆవిడకు సెలవు లేదు. నాకు సెలవు.