వినాయకుడి నెత్తిన ట్యూలిప్

“ఆంటీ, గరాజ్‌లో పేపర్ పరిచి ఆరబెట్టారు, ఆ గడ్డలేంటి?”

ట్యూలిప్ గడ్డలమ్మా. నిన్ననే మీ అంకుల్ తవ్వి తీశారు. వాటి మూలంగా పోయినేడు మా ఇంట్లో ఎంత గొడవయిందో తెలుసా?

రిటైరయ్యాక మొదటి ప్రాజెక్టు కదా, అంతకుముందు అక్టోబర్‌లో ఈ నోవై ఊరి చలిలో మోకాళ్ళ మీద కూచుని, టేపుతో కొలిచి మరీ పాతారు. చలికాలమంతా కిటికీలోంచి మంచుకేసి చూడ్డమే. మా పిల్లలు పుట్టినప్పుడు కూడా అంత కంగారు పళ్ళేదాయన! మేలో, కాదు కాదు, ఏప్రిల్ చివర్లో విచ్చుకున్నాయి. ఎర్రగా, ఎంత బావున్నాయో! చూపిద్దామని శనివారం ఫ్రెండ్సందర్నీ టిఫిన్‌కి పిలిచేశారు.

నేనేమో ఆ పొద్దున్నే స్నానం చేసి, అలవాటుకొద్దీ సజ్జ పట్టుకెళ్ళి పువ్వులన్నీ కోసేశాను. మరి? పొద్దెక్కాక చెట్టుకి పువ్వు కనిపిస్తే “ఈ ఇంట్లో ఆడవాళ్ళు లేరా” అనేది మా అమ్మ. మూర మల్లెలు పావలాకొచ్చే రోజుల్లో కూడా మేం పూజకి పూలు కొని ఎరగం. పైగా మందారంలాగా రేపు మళ్ళీ పూస్తాయనుకున్నా. గడ్డకి ఒక్కటే పువ్వని నాకెవరు చెప్పారూ?

పూజగదిలో పెడితే, ఒక్కోటీ టీ కప్పంత ఉందేమో, మా చిన్న వినాయకుడు కనపడకుండా పోయాడు.

జనం వచ్చారు. తోటలో ఉత్త కాడలు! “ఏవీ గురువుగారూ పువ్వులు?” అంటే మీ అంకుల్ ఆ కాడలకేసే చూస్తున్నారు. చివరికి నేనే, “పూజగదిలో ఉన్నాయండీ” అన్నా. అందరూ క్యూ కట్టి చూసొచ్చారు. ఒకాయన ప్రసాదం కూడా అడిగాడు!

“చలికాలమంతా కాపలా కాస్తే తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టావు” అన్నారు, అంతే. ఇంక నాతో మాటల్లేవు. ఆ మొహం చూస్తే నాకూ బాధే అనుకో.

ఆకులు ఎండాక జులైలో తవ్వారు. గడ్డలు పాడైపోయాయనే ఆయన భయం. తీరా చూస్తే ఇంత లావున, పిల్లగడ్డలతో సహా! పక్కింటి హెలెన్ వచ్చి చూసింది. తను పువ్వులు కొయ్యకుండా వదిలేస్తే గింజ పట్టి, గడ్డలు చిక్కిపోయాయిట. “ముందే కోసి మంచి పని చేశారు” అంది.

మీ అంకుల్ ఏమన్నారో తెలుసా? “యెస్, దట్ వాజ్ ద ప్లాన్!” నా ముందే!

నవ్వాపుకోలేక లోపలికొచ్చేశా. వెనకాలే వచ్చి, “వచ్చే ఏడు ఒక్క వారం నాకొదిలెయ్, తర్వాత నీ దేవుడివే” అన్నారు. ఇన్నాళ్ళకి మాట్లాడారు కదా అని నేనూ సరేనన్నా.

చల్లగా ఉండు తల్లీ. రేపు పెళ్ళయ్యాక మీ ఇంట్లోనూ ఇలాంటి గొడవలే జరగాలి. ఇంతకంటే పెద్దవి వద్దు.