నాలుగు టికెట్లు, ఒకటే సీటు

క్షమించమని ఉత్తరాలు రాయమన్నారు బాబాయ్ నన్ను. నన్నే. "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టమన్నాడు మా ఆసుపత్రి డైరెక్టరు, కాఫీలో బిస్కెట్ ముంచుకుంటూ. వింటుంటేనే రోత పుట్టింది నాకు. నూట నలభై మంది పేషెంట్ల గొంతులు పోతే అది సాంకేతిక కారణమా?

నువ్వు లేవకు. కూర్చో. ఆ పలక మీద తర్వాత రాద్దువుగాని, ముందు నన్ను చెప్పనీ. పిన్ని బజారు నుంచి వచ్చేలోపు చెప్పేయాలి.

సోమవారం ఈ టాబ్లెట్‌లోకి నీ గొంతు రాదు. అదీ సంగతి. ఆపరేషన్‌కి ముందు మూడు వారాలపాటు మా ఆసుపత్రిలో ఆ అద్దాల గదిలో కూర్చుని పదహారు వందల వాక్యాలు చదివావే, దగ్గుకుంటూ, మధ్యమధ్యలో గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ, ఆ రికార్డింగులన్నీ పోయాయి. ఈ టాబ్లెట్ నీ గొంతుతో మాట్లాడాలంటే అవే కదా ఆధారం. అవి లేకపోతే ఇంక చేసేదేం లేదు. మళ్ళీ చదివిద్దామా అంటే, స్వరపేటికే తీసేశారాయె.

అలా చెయ్యి ఊపకు, పర్లేదన్నట్టు. పర్లేకపోవడం ఏంటి? ఈ టాబ్లెట్ గొంతంటే పిన్నికి ఎంత చిరాకో నీకు తెలీదా? ఎవడో పరాయివాడు ఇంట్లో కూర్చుని మంచినీళ్ళు అడుగుతున్నట్టుంది అంటుంది. నీక్కూడా పడకే కదా ఆ పలక పట్టుకు తిరుగుతున్నావు. చూడు, క్యాలెండర్‌లో సోమవారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకుంది పిచ్చి తల్లి.

ఎలా పోయాయని అడగవేం? నాలుగు చోట్ల భద్రంగా ఉన్నాయని నీకు చెప్పింది నేనే. నిజమే, నాలుగు చోట్లే పెట్టారు. నీచేత చదివించిన స్పీచ్ థెరపిస్టు తన ఫోల్డర్‌లో ఒకటి పెట్టుకుంది. డాక్టరు ఒకటి పెట్టుకున్నాడు. డిపార్ట్‌మెంట్ పేరున ఇంకోటి. రోజూ సాయంత్రం మా కంప్యూటర్ రూమ్ వాళ్ళం తీసే కాపీ ఒకటి. అందరం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాం.

ఆ నాలుగూ వెళ్ళేది ఒకే పెట్టెలోకి బాబాయ్. బీరువా అంత ఉంటుంది, దాని నిండా డిస్కులు. ఒకేలాంటివి రెండు కనపడితే అది ఒకటి ఉంచుకుని రెండోది పారేస్తుంది. పారేసిన చోట "అక్కడ చూసుకోండి" అని ఓ చీటీ పెడుతుంది. డీడూప్లికేషన్ అని దానికో పెద్ద పేరు. చోటు ఆదా అట.

నీ భాషలో చెప్పనా? నలుగురికి నాలుగు టికెట్లు కొట్టావు, బస్సులో సీటు మాత్రం ఒకటే. ఎక్కితే కదా తెలిసేది. ఎవరూ ఎక్కరు, టికెట్ జేబులో ఉందిలే అని ఇంట్లో కూర్చుంటారు. ముప్ఫై ఏళ్ళు కండక్టర్‌గా చేశావు, ఇంత మోసం ఎప్పుడైనా చేశావా నువ్వు?

నవ్వకు. నేనేం నవ్వించడానికి చెప్పట్లేదు.

పోయిన ఆదివారం కంపెనీ వాళ్ళు వచ్చి ఆ పెట్టెకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఏ ముక్క ఎక్కడ దాచిందో అది రాసుకునే పట్టిక ఒకటుంటుంది, అది కాస్తా చెడింది. అంతే. నాలుగు చీటీలూ ఉన్నాయి, సరుకు లేదు. నాలుగు రోజులు గెలికి గెలికి, ఇంక మావల్ల కాదని చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

రోతేంటంటే, చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి. పేర్లు కనపడతాయి, తేదీలు కనపడతాయి, సైజు కూడా సరిగ్గా ఉంటుంది. నొక్కితే ఏమీ వినపడదు. మొన్న పొద్దున కూర్చుని నీవి వరసగా నొక్కాను, అన్నం వేళ దాటేదాకా. చివర్లో నీకు ఇష్టమైనవి ఓ ఇరవై చదవమన్నారు చూడు, అవి కూడా. "ముందుకు జరగండి, లోపల బోలెడు చోటుంది." "ఏమేవ్, మంచినీళ్ళు." పేర్లు అలాగే ఉన్నాయి. ఆ "ఏమేవ్" దగ్గర ఇంక నావల్ల కాలేదు.

నిన్న మీటింగ్ పెట్టారు. డైరెక్టరు మొట్టమొదట అడిగిందేంటో చెప్పనా? కొత్త బ్లాక్‌కి తను రిబ్బన్ కత్తిరించిన ఫోటోలు ఉన్నాయా అని. అవి మీ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉన్నాయి సార్ అన్నారెవరో. హమ్మయ్య అన్నాడు. లోపల అనుకోలేదు బాబాయ్, అందరికీ వినపడేలా పైకే అన్నాడు.

తర్వాత అందరూ కలిసి ఆ స్పీచ్ థెరపిస్టు మీద పడ్డారు. బయట ఇంకోటి దాచుకోవాల్సింది కదమ్మా అని ఒకడు. బయట దాచుకోకూడదని ఆవిడచేత సంతకం పెట్టించుకున్నది వీళ్ళే. ఆవిడ ఏడుస్తుంటే టిష్యూల డబ్బా అటు తోసి, పార్కింగ్ గురించి మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఛీ, మనుషులేనా అనిపించింది.

నేనా? నేను నోరు మెదపలేదు.

ఏ మొహం పెట్టుకుని మెదపను? ఆ మీటింగ్ గది గోడ మీద నా ఫోటో ఉంది. పదకొండు పెట్టెల సరుకు ఒక్క పెట్టెలో సర్దిందని కేకు కోయించి షీల్డు ఇచ్చారు కదా. అది నువ్వు డిపోకి తీసుకెళ్ళి "మా అమ్మాయిదిరా" అని డ్రైవర్లందరికీ చూపించావు. అంతకుముందు పక్క బిల్డింగ్‌లో అన్నిటికీ రెండో కాపీ దాచే ఇంకో పెట్టె ఉండేది. ఇంత చోటు మిగులుతుంటే రెండోది దండగ అని రాసి, దాన్ని తీయించేసిన కాగితం మీద సంతకం నాదే.

ఒకే ఫైలు రెండు చోట్ల కనపడితే నాకు ఒళ్ళు మండేది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే అసలు ఫైనల్" అని దాచుకుంటారే, వాళ్ళని క్యాంటీన్‌లో ఎంత వెక్కిరించేదాన్నో. చాదస్తపు మనుషులు అనేదాన్ని. నిన్న సాయంత్రం ఆ షీల్డు తీసి టేబుల్ కింద పడేశా.

ఎక్కడికి లేచావు? బీరువా ఎందుకు తీస్తున్నావు ఇప్పుడు? ఏం రాశావు, ఇటు తిప్పు పలక.

"నా దగ్గర ఉంది." అవును. నువ్వు ఇందాకట్నుంచి చెయ్యి ఊపుతున్నది దీనికే అని నాకు తెలుసు. అందుకే నిన్ను లేవనివ్వలేదు.

అది లోపల పెట్టేయ్ బాబాయ్. పెన్ డ్రైవ్‌కి గుడ్డసంచీ కూడానా? పిన్ని కుట్టిందా?

రికార్డింగ్ అయిపోయిన రోజు అది కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టావు. అప్పటికే మాట బొంగురు. "ఇంట్లో ఒకటుంటే ధైర్యంగా ఉంటుందే" అన్నావు. నాలుగు చోట్ల ఉన్నాయన్నా వినలేదు. సరేనని తీసుకెళ్ళి కంప్యూటర్‌కి పెట్టా. నలభై నిమిషాలు పడుతుందని చూపించింది. రూల్ ఒప్పుకోదు, అదీ నిజమే. కానీ నీ దగ్గర ఇంకా అబద్ధమెందుకు, రూల్‌కి భయపడి కాదు. నాకు నవ్వొచ్చింది. ఉన్నవి నాలుగు చాలక ఐదోది, ముసలాడి చాదస్తం అనుకున్నా. తీసేసి టీ తాగొచ్చా. వచ్చి, మూత పెట్టి, "ఇదిగో బాబాయ్, మొత్తం ఉంది, జాగ్రత్త" అని నీ చేతికిచ్చా.

అందులో ఏం లేదు. కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

నీకు అది పెట్టి చూసుకోవడం రాదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చా. వాళ్ళని ఇందాకట్నుంచి ఛీ అంటున్నానే, వాళ్ళు నీ కళ్ళలోకి చూసి ఏ అబద్ధమూ చెప్పలేదు.

అలా చూడకు. తిట్టు. ఏదో ఒకటి రాయి, పలక ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోకు.

గేటు చప్పుడైంది. పిన్ని వచ్చినట్టుంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?

టాబ్లెట్ తియ్యకు. ఆ గొంతుతో వద్దు. నేనే చెప్తా.