చౌడుచేను గట్టులో నా బొంత

“ఊళ్ళో అందరి చేలకంటే మనదే బాగా పండుతుంది కదా మామ్మా, మరి దాన్ని చౌడుచేను అంటారేంటి?”

అంటారు మరి. పేరు పెట్టినవాళ్ళు పోయారు, పేరు పోలేదు. కూచో. అక్కడ కాదురా, తడిగా ఉంది, ఆ పీట లాక్కో. నాకు చదువు లేదు, వేలిముద్రే, కానీ జరిగింది జరిగినట్టు చెబుతాను. మీ పెద్దతాత మనవలు చెప్పే కథ వేరు. వాళ్ళ మాట నమ్మకు.

మా అత్తగారు సూరమ్మ, మీ తాతయ్యని కన్నతల్లి. నేను కాపరానికొచ్చేసరికే ఆవిడకి మొగుడు లేడు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన కొత్తలవి. అంతకుముందు వానొస్తే అన్నం, లేకపోతే గంజి. కాలవొచ్చాక నేలకి విలువొచ్చింది, విలువొచ్చాక పంపకాలొచ్చాయి. మా మాంగారి అన్నగారు వెంకన్నగారని, ఆయన్నే పెద్దమాంగారు అనేవాళ్ళం, మీరు పెద్దతాత అంటారే ఆయనే, మెరకచేలన్నీ తనుంచుకుని, మురుగుకోడు పక్కనున్న పల్లం మా అత్తగారికి చూపించాడు. ఎండాకాలం చూస్తే సున్నం చల్లినట్టుండేది. గేదెలు నాకిపోవడమే గానీ గడ్డి మొలిచేది కాదు.

అక్కడితో ఆగాడా? పెద్దమనుషుల్లో మాట పెట్టించాడు. మూడో ఏటికి అందులో పంట తియ్యకపోతే చేను ఆయనది, మేం అత్తాకోడళ్ళం ఆయన వంటింట్లో చేరాలి. అంటే ఆయన పెళ్ళాం చేతికింద. ఆవిడ అన్నం పెడితే మొహం చూసేది కాదురా, విస్తరి చూసేది, ఎంత తిన్నామో అని. చచ్చి ఎక్కడుందో, ఇప్పటికీ నాకా చూపు మరుపు రాదు.

ఏం చెబుతున్నాను? ఆఁ, చౌడు. కోడు గట్టున వరద మేట వేసిన చోట, ఆ ఒండ్రుమట్టిలో, ఎవరో పారేసిన గుమ్మడిగింజ మొలిచి కాయ కాసింది. చుట్టూ చౌడే. అందరూ చూశారు, ఎవరో కాయ కోసుకుపోయారు. మా అత్తగారు మాత్రం మట్టి తవ్వి చూసింది. కింద చౌడే, పైన జానెడు ఒండ్రు.

నీకు తెలుసుగా, ఆషాఢంలో గోదారి ఎర్రబడితే కాలవ కూడా ఎర్రబడుతుంది. నాట్లు ఊడ్చిన చేలోకి ఆ నీళ్ళొస్తే లేతనాట్లు బురదలో కూరుకుపోతాయని అందరూ తూములు మూసుకునేవారు. ఎవరి నీటి వంతు వాళ్ళకుంది, కానీ ఎర్రనీళ్ళ వంతు ఎవడికీ అక్కర్లేదు. ఈవిడకి కావాలి, ఆ ఎరుపంతా ఒండ్రే కదా. అయితే బావగారికి ఎదురుపడి మాట్లాడకూడదు కదా, నన్ను ముందు నిలబెట్టి తను తలుపు చాటున ఉండేది.

“అడగవే. వాళ్ళ ఎర్రనీళ్ళ వంతు మాకిచ్చి, మా తేటనీళ్ళ వంతు వాళ్ళు తీసుకుంటారేమో అడుగు.”

అడిగాను. ఆయన కండువా దులుపుకుని మరీ నవ్వాడు. “మీ అత్తకి మతి పోయిందేంటే? బురద కావాలా? తీసుకోమను. ఊరి బురదంతా తీసుకోమను!”

తీసుకుంది. అందరి దగ్గరా తీసుకుంది. గట్లు ఎత్తు చేసి, ఎర్రనీళ్ళు నిలబెట్టి, మట్టి కిందకి దిగాక పైన తేరిన నీళ్ళు కోడులోకి వదిలి, మళ్ళీ ఎర్రనీళ్ళు పెట్టేది. గట్టుకి మట్టి మోసింది ఎవరనుకున్నావు? నేనే. గోరింటాకు పోని చేతులతో. మీ తాతయ్య పడవ మీద ధవళేశ్వరం పోయి ధాన్యం బస్తాలు మోస్తే మాకింత నూక. రెండేళ్ళు ఒక్క గింజ లేదు. నేను బిందె పట్టుకుని రేవుకి వెళ్తే, “మీ అత్త ఇంకా నీళ్ళకి కాపలా కాస్తోందా? పిల్లలు పెడతాయా ఏంటి నీళ్ళు?” అనేవారు. అన్నవాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తే.

రెండో ఏడు గట్టుకి గండి పడింది. మట్టి వేస్తే మట్టి కొట్టుకుపోతోంది. ఈవిడ ఇంట్లోకి పరుగెత్తి నా బొంత తెచ్చింది. మా అమ్మ తన చీరలు కలిపి కుట్టి, కాపరానికి వస్తుంటే ఇచ్చిన బొంత. నేను “అత్తయ్యా, అత్తయ్యా” అంటూనే ఉన్నాను, చుట్టచుట్టి గండిలో కుక్కేసింది. పైన మట్టి తొక్కమంది. తొక్కాను. గండి ఆగింది. ఒక్క మాట, తప్పే అమ్మాయ్ అని ఒక్క మాట, పోయేదాకా అనలేదు.

మూడో ఏడు ఊడ్చాం. అందరికంటే ఆలస్యంగా. చేను నల్లగా లేచింది చూడూ, దారినపోయేవాళ్ళు ఆగిపోయేవారు. కార్తీకం వచ్చింది, పైరు పొట్ట మీదుంది, వాన లేదు. తేటనీళ్ళు కావాలి. వంతులన్నీ ఇచ్చేసిందిగా! ఎన్నాళ్ళకి ఇస్తున్నామో ఇచ్చేటప్పుడు చెప్పలేదు. నన్నే పంపింది మళ్ళీ. పెద్దమాంగారు, “మాటంటే మాటేనమ్మా. బురదే కావాలంది కదా మీ అత్త” అన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ అంతే.

ఇదంతా ఆవిడ ముందే ఎత్తు వేసిందని చెప్పుకుంటారు. అబద్ధం. ఆ పూట ఆవిడ గట్టు మీద కూచుని ఏడ్చింది. నేను చూశాను.

కళ్ళు తుడుచుకుని, అలా చేల వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, ఆయన చేలోంచి మా చేలోకి నీళ్ళు దిగే గండిని పారతో మట్టి పోసి బిగించింది. అర్థమైందా? ఆయన ముందు ఊడ్చాడు, ఆయన చేను పండుబారింది. కోతకి నేల ఆరాలంటే నిండా ఉన్న నీళ్ళు దించాలి. దిగేదారి ఒక్కటే, మా పల్లంలోంచి కోడులోకి. మెరక తనుంచుకున్నాడు గానీ, మెరక నీళ్ళు పల్లానికే కదా రావాలి.

కంకులు వాలిపోతుంటే వచ్చాడు. “గండి తియ్యమనవే మీ అత్తని.” తలుపు చాటునుంచి ఆవిడ, “తీస్తానని చెప్పవే” అంది. అంత తేలిగ్గానా! నేను చెప్పలేదు. “ఆ పెద్దమనుషుల్ని పిలిచి, వాళ్ళ ముందు అడగండి మాంగారూ” అన్నాను. ఊరంతా సూరమ్మ అడిగిందంటారు. అడిగింది నేను. ఆవిడ తలుపు చాటునుంచి నావంక చూసింది. తిట్టలేదు. ఆవిడ దగ్గర మెప్పంటే అదే.

పిలిచాడు. అడిగాడు. గండి తీశాం, ఆయన నీళ్ళే మా పైరు తాగింది. పంట ఇంటికొచ్చింది, చేను నిలిచింది, ఆ వంటింటి గడప మేం తొక్కలేదు.

మీ బళ్ళో పంతులుగారు ఆవిడది ఓపిక అని చెప్పాడట. ఓపికా? అన్నం ఉడికేదాకా ఆగేది కాదు. నీళ్ళు ఎటు దిగుతాయో చూసేది, అంతే. నువ్వూ చూడు. మాట ఇస్తే మాత్రం ఎంతవరకో అప్పుడే చెప్పు, ఆవిడలా చెయ్యకు.

సరే లే, పొద్దెక్కింది, చేలో నాన్నకి చద్ది తీసుకెళ్ళు. చల్లగా ఉండు నాయనా, నీ చేతికింద పదిమంది తినాలి. తూము దాటాక గట్టు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది చూడు, అక్కడ గట్టిగా తొక్కకు. మా అమ్మ చీరలు అవి.