ఎత్తుకొచ్చిన సాక్ష్యం

ఉత్తరాది ఉక్కు నగరంలోని సోనారి కాలనీలో పౌల్‌రాజు ఇంటి వరండా. పొద్దున్న ఎనిమిదైంది. మనవరాలు ఫ్లోరా చేతిలో స్కూటర్ తాళం ఉంది. కాళ్లు మాత్రం కదలడం లేదు.

“ఇంకోసారి సెప్పు తాతా. ఆ గేసు కత.”

“ఇప్పుడేటే గుంటా? పతీ క్రిస్‌మస్‌కీ సంగంలో ఇంటావు కదా.”

“ఇప్పుడే కావాల. పది గంటలకి కంపెనీలో ఎంక్వైరీ. భయమేత్తంది.”

“అయితే ఇను. ముప్పై ఏళ్ల కిందట, మా ఫౌండ్రీలో గేసు లీకైపోనాది. అల్లాటప్పా గేసు కాదు. పైనెగిరే కాకులు ఉడికిపోయి రాలిపడ్డాయి. అందరూ లగెత్తినారు. మన ఆదిబాబు లోపలుండిపోనాడు. ‘భయపడకు, నేనున్నాను’ అని పెబువు మాట అనుకుంటా నాను లోపలికెల్లి...”

“ఆది తాతని భుజానేసుకొని తెచ్చీసినావు.”

“ఒక భుజాన ఆదిబాబు, రెండో భుజాన ఫోర్మేను.”

“పోయినేడు ఫోర్మేను లేడు తాతా.”

“అప్పుడు మరిసిపోనాను. అయినా నీకెందుకే భయం? టాంకీలో గేసు తగిలి పడిపోయింది ఆదిబాబు మనవడు పైడిబాబు కదా.”

“పర్మిట్ కాయితం దొరకలేదు కాబట్టి, అది లేకుండా ఆడంతట ఆడే టాంకీలో దిగీసినాడని రాత్తన్నారు. గేట్ పాస్ పీకేసి పనిలోంచి తీసేత్తారట.”

“కుర్రోడు. తొందరపడ్డాడు.”

“తొందరపడలేదు. సేఫ్టీ డ్యూటీ నాది. కాయితం నానే ఇచ్చినాను. గేసు లేదు, దిగొచ్చు అనేసి సంతకం ఎట్టినాను.”

“మీటరెట్టి సూసే ఎట్టినావు కదా?”

“రోజూ దిగే టాంకీయే కదా తాతా.”

“సూసినావా, లేదా?”

“మీటరెట్టాలంటే మెట్లెక్కాల తాతా. రోజూ సూత్తన్నాం, రోజూ ఏటీ ఉండదు. లంచ్ టైమైపోనాది. సూడకుండానే ఎట్టీసినాను.”

“ఓలమ్మ!”

“మీటరు సంగతి ఆడికి తెలీదు. నిన్న ఆస్పత్రికెల్తే, మంచం మీంచి ‘నాదే తప్పేమో, కదా దీదీ?’ అంటన్నాడు. నన్నే అడుగుతున్నాడు! నిజం సెప్తే నౌకరీ పోద్ది. సెప్పకపోతే ఆడి మొకం సూడలేను. అందుకే నీ కత అడిగినాను. మా తాత గేసులోకే ఎల్లినాడు, నాను ఒక గదిలోకి ఎల్లలేనా అనుకుందామని... ఏటి తాతా, తల దించీసుకున్నావు?”

“ఆ కతకి ఆనుకోకే అమ్మీ. ఇరిగిపోద్ది.”

“మతలబ్? అంటే ఏటి?”

“ఫోర్మేను లేడు.”

“తెలుసు. కాకులూ లేవని తెలుసు.”

“ఆదిబాబుని నాను ఎత్తుకు రాలేదే. లోపల పడిపోయింది నాను. ఎత్తుకొచ్చింది ఆడు.”

“తాతా!”

“బాగయ్యాక పాస్టరుగారు సాక్ష్యం సెప్పమన్నారు. నిలబడేసరికి అందరూ నాకేసే సూత్తన్నారు. నోరు తిరిగిపోనాది. ఆడు ఎనక బెంచీ మీద కూకుని, కేకు తింటా ఇన్నాడు. లేచి కాదంటాడేమోనని నాకు సెమటలు. ఒక్క మాట అన్నాడు కాదు. ఇంక ఏటేటా ఆపలేకపోనాను.”

“మరి పెబువు మాట?”

“అదీ నాను అతికించిందే అయ్యుంటాది. తెలివుంటే కదా గురుతుండడానికి. ధైర్యం ఇచ్చినాడు, ఇచ్చినాడు అని ఇన్నేళ్లు దేవుడి మీద అబద్దం ఆడినాను గానీ, నిజం సెప్పే ధైర్యం ఇయ్యి సామీ అని ఒక్కనాడూ అడగలేదే.”

“నానూ అడగలేదు తాతా. కాయితం ఎవరికీ దొరక్కూడదని అడిగినాను.”

“అయితే ఇప్పుడడుగుదాం. కళ్లు మూసుకో... ఆమెన్. పద, ఆస్పత్రి దారిలోనే కదా. ముందు నాను సెప్తాను. తరవాత నువ్వు.”

ఆస్పత్రి వరండాలో ఆదిబాబు టీ ఊదుకుంటున్నాడు.

“రారా పౌలూ. మావోడు లేచి కూకున్నాడు. రెండిడ్లీలు తిన్నాడు.”

“ఆది తాతా, తప్పు పైడిది కాదు. నాది. గేసు సూడకుండా సంతకం ఎట్టీసినాను. ఇప్పుడెల్లి ఎంక్వైరీలో అదే సెప్తాను.”

“ముందు నానన్నాను కదే!”

“ఆగితే మల్లీ నోరు రాదు తాతా.”

“నువ్వా తల్లీ... ఆడు తనదే తప్పని ఏడుత్తన్నాడు తెలుసా? కోపం లేదని అనను. ఉంది. ఎల్లి సెప్పిరా. వచ్చినాక తిడతాను.”

“ఆదీ, నన్నూ తిట్టరా. ఆ సాక్ష్యం నాను తిరగేసి సెప్పినాను. ఈ ఆదివారం సంగంలో సరిగ్గా సెప్తాను. ఇన్నేళ్లూ నువ్వెందుకురా కాదనలేదు?”

“సగం నిజమే కదా అని ఊరుకున్నాను.”

“ఏ సగం రా?”

“గుమ్మం కాడ నాకు కాళ్లాడలేదురా. ఎనక్కి తిరిగీసినాను కూడా. లోపల్నించి ‘భయపడకు, నేనున్నాను’ అని నువ్వు మూలుగుతున్నావు. నీకు నువ్వే సెప్పుకుంటన్నావని నాకేటి తెలుసు? నాకే సెప్తన్నావనుకోని, లోపలికొచ్చీసినాను.”