చేపకు మాటలుండవు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటంటే, మా ఆయన చేతికి దొరికింది వదలరు. వదలకుండా ఏదో ఒకరోజు దానితోపాటే పోతారు.

శనివారం పొద్దున. శేరిలింగంపల్లిలో మేముండే నాలుగంతస్తుల ఇంటి డాబా. నేను, నా చంకలో తొమ్మిది నెలల బుజ్జి, మా ఆయన శ్యామ్, కింది వాటా కిష్టమ్మ పిన్ని. వీధిలో ఇసుక కుప్ప దగ్గర ఆమె భర్త, ఆటో పోచయ్య బాబాయి.

“మళ్లీ చెప్పండి. ఆఫీసరుగారు మిమ్మల్నే ఎందుకు రమ్మన్నారు?”

“పడవ మీద నడిసముద్రంలోకి వెళ్లి పెద్ద చేపలు పట్టాలట ఆమనీ. తోడు కావాలన్నారు.”

“ఆ కొత్త అద్దాల బిల్డింగులో మీలాంటి కరెంటు పనివాళ్లు పాతికమంది ఉన్నారుగా?”

“మాది కాకినాడ అన్నాను.”

“మనది పెద్దాపురం!”

“పెద్దాపురం అంటే ఇక్కడెవరికి తెలుసే? కాకినాడ దగ్గర అనబోయాను. ‘దగ్గర’ అనేలోపే ఆయన నా భుజం తట్టేశారు.”

“ఈత రాదని చెప్పారా?”

“అడగలేదు.”

“ఓ కొడుకా, సముద్రం ఎన్నిసార్లు చూసినవ్?”

“రెండుసార్లు పిన్నిగారూ. ఒకసారి బస్సులోంచి.”

“వారీ!”

“నవ్వకండి! రేపు రైలెక్కాలి. ఈలోపు చెయ్యి తిరగాలని కర్ర, రీలు ఇచ్చి పంపారు.”

“రీలంటే సినిమాదా?”

“కాదు పిన్నిగారూ, దారం చుట్టే చక్రం. ఇదిగో పిడి. ఈ బొత్తాం పైకుంటే, పిడి ఒక్కసారి తిప్పితే చక్రం ఆరు చుట్లు తిరుగుతుంది. నొక్కితే మూడే.”

“మూడెందుకు మరి?”

“ఎందుకో! నేను మాత్రం ఆరులోనే లాగేస్తా. బాబాయ్! ఇసుక సంచి కట్టారా?”

“కట్టిన! గుంజు!”

“…ఇదేంటి, తిరగదేం?”

“చక్రం తిరగట్లేదు గానీ మీ కళ్లు తిరుగుతున్నాయి. ఆపండి!”

“అరే, మా ఆయన ఆటోల ఏడుగురిని ఎక్కించుకొని కొత్తగూడ గడ్డ ఎక్కేటప్పుడు ఏ గేరేస్తడు?”

“ఒకటో గేరు.”

“మరి నువ్వు నాలుగుల ఎక్కుతానంటివి. జర నొక్కు ఆ బొత్తాం.”

“నొక్కాను… వస్తోంది! ఆమనీ, సంచి లేచింది! నెమ్మదిగానే, కానీ వస్తోంది!”

“చూశారా! బరువుంటే మూడు. ఊరికే దారం చుట్టుకోవడానికి ఆరు. ఇంకోటి చెప్పనా? లోతుకి దారం వదిలాక చక్రం బక్కపడుతుంది. నా మిషను దారం రీలు అంతే, అడుగుకొచ్చిందంటే ఒక్కో చుట్టుకి జానెడే. అందుకని మొదట్లో ఎంత తిప్పినా చేప రావట్లేదనిపిస్తుంది. కంగారుపడి ఆరులో పెట్టేయకండి.”

“ఎనిమిదిలో చదువు మానేసినదానివి, ఇంజనీరులా చెబుతున్నావే!”

“మానలేదు. మాన్పించారు. ఈ పుల్ల ఏంటి?”

“బ్రేకు. వెనక్కి లాగితే దారం వదులైపోయి చేప పారిపోతుంది. దాన్ని ముట్టుకోను.”

“ముందు అదే నేర్చుకోండి! చేప పోతే పోతుంది, మీరుంటారు. పిన్నీ, లింగంపల్లి స్టేషన్లో గొడుగు గాలికి లేస్తే, ఈయన దానితోపాటు పట్టాల మీదికి దూకారు.”

“గొడుగు దక్కిందిగా!”

“మోకాలు దక్కలేదు!”

“సరే, చూద్దువుగాని. బాబాయ్! సంచి విప్పేసి దారం నడుముకి చుట్టుకోండి. ఇప్పుడు మీరే చేప!”

“ఏం చేప?”

“పెద్దది!”

“అరిస్తే ఆపుతవా?”

“చేపకు మాటలుండవు బాబాయ్! ఏం జరిగినా మాట్లాడకండి!”

“మంచిది! మాట్లాడ!”

“అమ్మో, లాగుతున్నాడు! ఏం బలం!”

“పుల్ల లాగండి!”

“ఆగవే, వస్తున్నాడు!”

“పిట్టగోడ మీదికి వంగుతున్నారు! పుల్ల!”

“ఒక్క చుట్టు… ఇంకొక్క చుట్టు…”

“నీ నడుము పట్టుకున్న కొడుకా, ఇడువు! నన్ను గూడ గుంజుకపోతవ్!”

“వదలను!”

“నా… న్న.”

“ఎవరు? బుజ్జా?”

“నాన్న!”

“ఆమనీ! విన్నావా! ఇది నన్నే… రా తల్లీ, రా! ఇంకోసారి అను!”

“ఏవండీ.”

“ఉండు, మళ్లీ అంటుంది!”

“ఏవండీ, బుజ్జిని రెండు చేతులతో ఎత్తుకున్నారు.”

“అయితే?”

“కర్రేది?”

“కర్రా? నా చేతిలోనే ఉంది… అరే!”

“వదిలేశారు! పిన్నీ, ఈయన వదిలేశారు! మా ఆయనకి వదలడం వచ్చు!”

“ఏం గంతులే అవి! అది ఆఫీసరుగారి రీలు!”

“ఇసుకల కుచ్చుకొని నిలవడ్డది కొడుకా, జెండా లెక్క. పిడే ఊడినట్టుంది.”

“ఇప్పుడాయనకి ఏమని చెప్పను?”

“మాది పెద్దాపురం అని చెప్పండి.”

“…చెప్తాను. ఈత రాదని కూడా చెప్తాను. బుజ్జీ, నాన్న అను.”

“గదంత సరే, చేప ఏడి?”

“అయ్యో! బాబాయ్! పోచయ్య బాబాయ్! దెబ్బ తగిలిందా?”

“అగో, ఇసుకల ఎల్లెలకల వడ్డడు. ఏమయ్యో! పలుకు!”

“పలకడం లేదు పిన్నీ!”

“కడుపు మాత్రం ఊగుతున్నది బిడ్డా. నవ్వుతుండో ఏడుస్తుండో!”

“మాట్లాడొద్దని చెప్పిందెవరండీ?”

“నేనే.”

మాకు నవ్వుతో కాళ్లు ఆడటం లేదు, నాలుగంతస్తులు ఎలా దిగుతామో తెలియదు. మీరెవరైనా మా వీధిన వెళ్తుంటే, ఒక్కసారి ఆ ఇసుక కుప్ప దగ్గర ఆగి మా చేప ఎలా ఉన్నాడో చూడండి. ఇక మాట్లాడొచ్చని మా ఆయన చెప్పారని చెప్పండి.